ప్రభుత్వం వల్ల కలిగిన హానికి పరిహారం: దయా, బాకీయా?

అనువాదం వృత్తిగా పెట్టుకున్నవారికి కొన్ని మాటలు ఒక పట్టాన లొంగవు. నాకు అట్టి మాట 'ఎక్స్ గ్రేషియా'. లాటిను భాషలో దీని అర్థం 'దయతో, అనుగ్రహంగా' అని మాత్రమే. మన పత్రికలు, కార్యాలయాలు దీనిని నిత్యం 'నష్టపరిహారం' అని అనువదిస్తూ ఉంటాయి. నిజానికి ఈ రెండూ ఒకటి కావు. దయ ఇచ్చేవాని ఇష్టం. పరిహారం పుచ్చుకునేవాని హక్కు.

కొన్నేళ్ల క్రితం మా వన్ టౌన్‌లో ఒక పెద్దాయన ఉర్దూలో వ్రాసుకున్న అర్జీని తెలుగులోనికి మార్చి ఇమ్మని నా వద్దకు వచ్చాడు. ఒక ప్రభుత్వ వాహనం ఢీకొని ఆయన కుమారుని కాలు విరిగింది. అర్జీ నిండా 'మెహర్బానీ', 'రహం', 'గరీబ్ పర్వర్' వంటి మాటలే ఉన్నాయి. 'హఖ్' అన్న మాట ఒక్కచోట కూడా లేదు. "చాచా, మీ హక్కు అడుగుతూ భిక్ష కోరినట్లు వ్రాశారేమి?" అన్నాను. "మౌల్వీ సాబ్, సర్కారు ముందు హక్కు అంటే పని జరుగుతుందా? దయ అంటేనే ఇస్తారు" అన్నాడు. ఆయన మాటలో లోకానుభవం ఉంది. అయితే అది న్యాయమేనా? ప్రభుత్వం వల్ల, ప్రభుత్వ సేవకుని వల్ల ఒక వ్యక్తికి గాయమైతే, ప్రాణం పోతే, దాని మూల్యం ప్రభుత్వంపై బాకీయా, లేక దాని దయాదాక్షిణ్యమా? ఈ ప్రశ్నను లోకచరిత్ర నుండి, మన దేశపు న్యాయస్థానాల నుండి, షరీఅత్ నుండి క్రమంగా పరిశీలిద్దాం.

ఒక్క మనిషి కొరకు ఒక చట్టం

రాజు తప్పు చేయజాలడన్నది ఆంగ్లేయుల న్యాయశాస్త్రంలోని ప్రాచీన సూత్రం. రాజు పేర నడిచే న్యాయస్థానంలో రాజుపైనే దావా చెల్లదు. కావున బాధితునికి మిగిలిన దారి ఒక్కటే, మనవి చేసుకోవడం. రాజును త్రోసిపుచ్చి స్వతంత్రించిన అమెరికా కూడా ఈ సూత్రాన్ని వదులుకోలేదు. ప్రభుత్వం అంగీకరించనిదే దానిపై దావా వేయరాదన్నారు. అందువల్ల అక్కడ ఒక విచిత్రమైన పద్ధతి పెరిగింది. ప్రభుత్వ నౌక తగిలి పడవ పోగొట్టుకున్నవాడు, ప్రభుత్వ బండి క్రింద పడి కాలు పోగొట్టుకున్నవాడు తన ప్రాంతపు కాంగ్రెసు సభ్యుని ఆశ్రయించేవాడు. ఆ సభ్యుడు, 'ఫలానా వ్యక్తికి ఖజానా నుండి ఇంత సొమ్ము చెల్లించవలెను' అని అతని పేరుతోనే ఒక బిల్లు ప్రవేశపెట్టేవాడు. కమిటీ విచారించి, ఉభయ సభలు ఆమోదించి, అధ్యక్షుడు సంతకం చేస్తే అది చట్టం. దీనినే 'ప్రైవేటు చట్టం' అంటారు. మన పార్లమెంటులో మంత్రులు కాని సభ్యులు తెచ్చే 'ప్రైవేటు మెంబరు బిల్లు' వేరు. అది దేశమంతటికీ వర్తించే బిల్లే. ప్రైవేటు చట్టం ఒక్క మనిషికి, ఒక్క కుటుంబానికి మాత్రమే వర్తిస్తుంది.

ఈ పద్ధతిలోని లోపాలు త్వరలోనే బయటపడ్డాయి. శాసనసభ్యుడు న్యాయమూర్తి కాడు. సభ్యుని పరిచయం ఉన్నవానికి పని జరుగుతుంది, లేనివాడు మిగిలిపోతాడు. ఒకే రకపు గాయానికి ఒకనికి వేలు, మరొకనికి శూన్యం. ఆ భారం తగ్గించుకోవడానికి అమెరికా 1855లో క్లెయిముల కోర్టు నెలకొల్పింది. అయితే ప్రభుత్వోద్యోగుల నిర్లక్ష్యం వల్ల కలిగిన గాయాలకు మామూలు కోర్టులలో దావా వేసే హక్కును 1946లోనే చట్టం చేసింది. దావాకు వీలున్న విషయాలలో ఇక ప్రైవేటు బిల్లులు తేరాదని అదే సంవత్సరం నియమం పెట్టుకుంది. మరుసటి ఏడు, 1947లో, బ్రిటన్ కూడా తమ రాజ్యంపై దావాలకు అనుమతిస్తూ చట్టం చేసింది.

అయినా దయ అవసరం పూర్తిగా తీరలేదు. రేవుపట్టణంలో నివసించే మనం ఒక ఉదాహరణను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సాస్ సిటీ రేవులో అమోనియం నైట్రేటు ఎరువు నింపుకున్న ఫ్రెంచి ఓడ ఒకటి పేలిపోయింది. సుమారు 580 మంది మరణించారు. ఆ ఎరువు ప్రభుత్వ కార్యక్రమం క్రింద, ప్రభుత్వ కర్మాగారాలలో తయారై ఐరోపాకు పోతున్నది. బాధితులు క్రొత్త చట్టం క్రింద దావా వేశారు. 1953లో అక్కడి సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురిగా చీలి దావాను కొట్టివేసింది. అధికారుల విధాన నిర్ణయాలపై దావా చెల్లదన్న మినహాయింపు ఆ చట్టంలోనే ఉన్నది. చివరకు బాధితులు కాంగ్రెసునే ఆశ్రయించారు. 1955లో వారి కొరకే ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు పంచిపెట్టారు. పేలుడుకూ చట్టానికీ మధ్య 8 సంవత్సరాలు గడిచిపోయాయి. తలుపు తెరిచినట్లే తెరిచి గడప దగ్గర అడ్డుకర్ర పెడితే ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

మన దేశం: ఒక గుర్రం కథ

మన దేశపు చట్టం ఒక గుర్రంతో మొదలైనదంటే అతిశయోక్తి కాదు. కలకత్తాలోని కిద్దర్‌పూర్ ప్రభుత్వ నౌకాశాల వద్ద పనివాండ్రు ఒక పెద్ద ఇనుప భాగాన్ని రోడ్డుకు అడ్డంగా మోసుకుపోతూ, వస్తున్న బండిని చూసి కంగారుపడి జారవిడిచారు. ఆ చప్పుడుకు బెదరిన గుర్రం గాయపడింది. గుర్రం యజమాని అయిన పి. అండ్ ఓ. ఓడల కంపెనీ 350 రూపాయలకు దావా వేసింది. 1861లో న్యాయస్థానం ప్రభుత్వం చెల్లించవలసిందేనన్నది. నౌకాశాల నడపడం ఎవరైనా చేయగల వ్యాపారమే గనుక బాధ్యత ఉన్నదని కారణం చెప్పింది. అయితే ఆ తీర్పులోనే ఒక ముల్లు మిగిలింది. రాజ్యం మాత్రమే చేయగల 'సార్వభౌమ' కార్యాలలో జరిగిన హానికి దావా చెల్లదన్నది.

ప్రభుత్వంపై దావాలను గురించి చెప్పే మన రాజ్యాంగపు 300వ అధికరణం ఆ పాత స్థితినే కొనసాగించింది. దాని ఫలితం చూడండి. ఉదయపూర్‌లో కలెక్టరు జీపు ఢీకొని ఒక పాదచారి మరణించినపుడు, 1962లో సుప్రీంకోర్టు పరిహారం సమర్థించింది. మీరట్‌లో పోలీసులు ఒక వర్తకుని అరెస్టు చేసి అతని బంగారాన్ని స్టేషను గిడ్డంగిలో పెడితే, దానిని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పారిపోయాడు. అక్కడ మాత్రం అరెస్టు, స్వాధీనం సార్వభౌమ కార్యాలు గనుక ప్రభుత్వం బాధ్యురాలు కాదని 1965లో నివేదితమైన కస్తూరీలాల్ తీర్పు చెప్పింది. జీపు తగిలితే పరిహారం ఉన్నది, పోలీసు చేతిలో నష్టపోతే లేదు! అట్టి ఫలితం సంతృప్తికరం కాదనీ, శాసనసభలు పూనుకోవాలనీ ఆ తీర్పులోనే న్యాయమూర్తులు అన్నారు. అంతకుముందే 1956లో లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే ఇట్టి చట్టం కావాలని సిఫారసు చేసింది. 1965లో, మరల 1967లో బిల్లులు వచ్చాయి. ఏదీ చట్టం కాలేదు. ఆ సమగ్ర చట్టం నేటికీ లేదు.

ఒక్క మనిషికి ఒక చట్టం చేసే ఆచారం కూడా మన పార్లమెంటులో లేదు. ఉన్నా, చట్టం ముందు అందరూ సమానులన్న 14వ అధికరణం దానిని ప్రశ్నిస్తుంది. ఒక దుర్ఘటన కొరకు ప్రత్యేక చట్టం చేసిన సందర్భం భోపాల్. 1985 చట్టం ద్వారా బాధితులందరి పక్షాన మాట్లాడే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వం తానే తీసుకొని, 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ మొత్తం చాలదన్న బాధితుల ఆవేదన 2023లో సుప్రీంకోర్టు చివరి అర్జీని కొట్టివేసేవరకూ సాగింది.

చట్టం చేయవలసినవారు చేయకపోగా, ఖాళీని కోర్టులు కొంత పూరించాయి. నిర్దోషి అని తీర్పు వచ్చిన తరువాత కూడా 14 సంవత్సరాలు బీహారు జైలులో మగ్గిన రుదుల్ సా కేసులో 1983లో సుప్రీంకోర్టు నేరుగా పరిహారం ఇప్పించింది. పోలీసు నిర్బంధంలో మరణించిన ఒక యువకుని తల్లికి 1993లో నీలబతి బెహరా కేసులో లక్షా యాభై వేల రూపాయలు ఇప్పించింది. జీవించే హక్కు భంగమైనపుడు సార్వభౌమత్వం అడ్డు రాదని చెప్పింది.

కోయిలకుంట్ల, హైదరాబాదు

ఇక మన ఆంధ్రదేశపు రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాం. సమస్య యావత్తూ వీటిలో ఇమిడి ఉన్నది.

మొదటిది కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు. 1977 మే 5, 6 తేదీల నడుమ రాత్రి తెల్లవారుజామున దుండగులు జైలులోకి చొరబడి ఒక గదిపై బాంబులు విసిరారు. రిమాండులో ఉన్న తండ్రి మరణించాడు, కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి గాయపడ్డాడు. తమకు ప్రాణభయం ఉన్నదని వారు ముందే తెలియజేశారు. తగిన కాపలా పెట్టలేదు. కుమారులు దావా వేస్తే, క్రింది కోర్టు గడువు దాటినదని కొట్టివేసింది. హైకోర్టు 1989లో 1,44,000 రూపాయలు వడ్డీతో చెల్లించమన్నది. జైలు నిర్వహణ సార్వభౌమ కార్యమని రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడన్నది. 23 సంవత్సరాలు పట్టింది, నిజమే. కాని ఆ డిక్రీ హక్కు. ఏ మంత్రీ దానిని వెనక్కు తీసుకోలేడు.

రెండవది మనకు మరింత దగ్గరిది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో జుమా నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిదిమంది మరణించారు. ఆ తరువాత పోలీసు కాల్పులలో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ దరిమిలా పలువురు ముస్లిం యువకులను పట్టుకొని నిర్బంధించారు. వారిని హింసించారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది విచారణ జరిపి నివేదిక ఇచ్చాడు. కోర్టులు ఆ యువకులను నిర్దోషులుగా విడుదల చేశాయి. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసుపై 2012 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, మరో 50 మందికి 20 వేల చొప్పున మంజూరు చేసింది. సత్ప్రవర్తన పత్రాలు కూడా ఇచ్చింది. ఒక ప్రభుత్వం తన తప్పును ఇంతవరకైనా అంగీకరించడం అరుదైన విషయమే.

కాని ఆ సొమ్ము ఏ చట్టం క్రింద ఇచ్చినది? ఏ చట్టమూ లేదు, జీ.ఓ. మాత్రమే. దానిని కొందరు సవాలు చేయగా 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన ప్రభుత్వ ధనం నుండి పరిహారం ఇవ్వడానికి అది ఆధారం కాజాలదన్నది. చేతికి వచ్చిన సొమ్మును తిరిగి రాబట్టే ప్రశ్న కూడా లేచింది. యువకుల బాధ అబద్ధం కాదు. వారికి అందినది పునాది లేని గోడ, అంతే. దయగా వచ్చినది దయ లేకుండానే పోగలదు. అన్యాయంగా అభియోగం మోపబడినవారి పరిహారానికి చట్టం చేయాలని లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ సిఫారసు కూడా చట్టరూపం దాల్చలేదు.

మన విశాఖ

2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం వద్ద ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ విషవాయువు వెలువడింది. నిద్రలో ఉన్నవారు లేచి పరుగెత్తుతూ వీధులలోనే పడిపోయారు. పన్నెండుమంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం అదేరోజు మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున, వెంటిలేటరుపై ఉన్నవారికి 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి లక్ష, ప్రథమ చికిత్స పొందినవారికి 25 వేలు, చుట్టుపట్ల గ్రామస్థులకు 10 వేల చొప్పున ప్రకటించింది. మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్ల రూపాయలు జమ చేయమన్నది.

దీనిని తక్కువచేసి మాట్లాడరాదు. కోయిలకుంట్లలో 23 ఏండ్లు పట్టినది ఇక్కడ కొద్దిరోజులలో జరిగింది. దయకు వేగం ఉన్నది. ఈ గుణాన్ని విమర్శకులు మరువరాదు. కాని ఆలోచించండి. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం వైపు హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారంలో గ్యాసు పేలి యాభైమందికి పైగా మరణించారు. దర్గా కొండపై నిలబడితే రేవు కాలువ ఆవల ఆ దిక్కే కనబడుతుంది. ఆనాటి బాధితునికీ 2020 బాధితునికీ ఒకే కొలబద్ద ఉన్నదా? రేపు మరొకచోట, కెమెరాలు లేని వీధిలో ఒక్క కూలీ మరణిస్తే అతని ప్రాణం వెల ఎవరు నిర్ణయిస్తారు? దయకు వేగం ఉన్నదిగాని కొలత లేదు. హక్కుకు కొలత ఉన్నదిగాని వేగం లేదు. ఈ రెండింటినీ ఒకచోట చేర్చేది చట్టమే. అది సాధ్యమేననడానికి రైల్వేలే సాక్ష్యం. రైలు ప్రమాదంలో ప్రయాణికుడు మరణిస్తే తప్పెవరిదన్న విచారణతో నిమిత్తం లేకుండా, నిర్ణీత పట్టిక ప్రకారం పరిహారం వస్తుంది. 2017 జనవరి 1 నుండి అది 8 లక్షల రూపాయలు. దాని కొరకు ప్రత్యేక ట్రిబ్యునల్ ఉన్నది. రైలులో మరణించినవానికి ఉన్న హక్కు లాకప్పులో మరణించినవానికి ఎందుకుండరాదు?

షరీఅత్ దృష్టి

పొరపాటున ప్రాణం తీసినా దియత్ చెల్లించాలని దివ్యఖుర్ఆన్ నాలుగవ సూరా 92వ ఆయత్ ఆదేశిస్తుంది. దానిని మాఫీ చేసే అధికారం వారసులకే ఇచ్చింది. దయ చూపే స్థానంలో బాధితుని కుటుంబం ఉన్నది. హాని చేసినవాడు ఉన్నది బాకీదారు స్థానంలో. ఈ ఒక్క విషయం గ్రహిస్తే 'ఎక్స్ గ్రేషియా' అన్న మాటలోని తలక్రిందుల వ్యవహారం బోధపడుతుంది. బాకీదారే తాను దాతనని చెప్పుకుంటున్నాడు!

ప్రభుత్వం తరఫున పనిచేసేవాని వల్ల హాని జరిగితే? మక్కా విజయం తరువాత హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) బనూ జజీమా తెగవారి విషయంలో తొందరపడగా కొందరు ప్రాణాలు కోల్పోయారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆ చర్యతో తనకు సంబంధం లేదని అల్లాహ్ సన్నిధిలో ప్రకటించారు. అయితే అంతటితో ఊరుకోలేదు. హజ్రత్ అలీ (రజి)కి ధనమిచ్చి పంపారు. ఆయన ప్రాణాలకూ, ఆస్తులకూ, చివరకు కుక్క నీళ్లు త్రాగే గిన్నెకు కూడా వెల చెల్లించి, ఇంకా ఎవరికైనా బాకీ ఉన్నదా అని అడిగి, తెలియక మిగిలిపోయినది ఏదైనా ఉంటే దానికి బదులుగా మిగిలిన సొమ్ము కూడా ఇచ్చివేశారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆజ్ఞ తనది కాకపోయినా బాధ్యత తనది. అర్జీ కొరకు ఎదురుచూడకుండా ప్రభుత్వమే బాధితుని గడపకు పోయింది.

ఖైబర్‌లో ఒక సహాబీ హత్యకు గురై హంతకుడెవరో తేలనపుడు, ఆ రక్తం వ్యర్థం కారాదని ప్రవక్త (స) స్వయంగా నూరు ఒంటెలు దియత్‌గా ఇప్పించారు. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పిలుపు విన్న భయంతో ఒక గర్భిణి ప్రసవించి శిశువు మరణించిన సంఘటన ఫిఖ్హ్ గ్రంథాలలో ప్రసిద్ధం. కొందరు సహాబాలు మీపై ఏమీ లేదన్నారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం దియత్ మీపై ఉన్నదన్నారు. ఖలీఫా ఆ మాటకే తలవంచారు. పాలకుని పొరపాటుకు దియత్ ఎవరు చెల్లించాలన్న విషయంలో ఫుఖహాల మధ్య భేదం ఉన్నది. హనఫీలు బైతుల్ మాల్ నుండి అన్నారు. షాఫియీలలో ఆఖిలా, అనగా బంధువర్గం నుండి అన్న అభిప్రాయం ప్రసిద్ధం. ఎవరు చెల్లించాలన్నదే చర్చ. చెల్లించనక్కరలేదన్నది ఎవరి మాటా కాదు.

మనలో కొందరు, మరణం తఖ్దీర్ గదా, దానికి డబ్బు పుచ్చుకోవడమేమిటని సంకోచిస్తారు. తఖ్దీర్‌పై విశ్వాసం హుఖూఖుల్ ఇబాద్‌ను రద్దు చేయదు. మాఫీ చేయదలచిన వారసులు చేయవచ్చు, అది గొప్ప పుణ్యం. కాని అనాథల వాటా కూడా అందులో ఉన్నదని, దానిని మాఫీ చేసే అధికారం ఇతరులకు లేదని మరువరాదు.

మనం చేయవలసినది

చట్టం వచ్చేవరకూ చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. హాని జరిగిన రోజే ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు భద్రపరచుకోవాలి. ప్రభుత్వంపై దావాకు ముందు సివిల్ ప్రొసీజరు కోడ్ 80వ సెక్షన్ క్రింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కాలపరిమితి దాటితే హక్కు ఉన్నా దావా పోతుంది. కోయిలకుంట్ల కేసు క్రింది కోర్టులో పోయినది అందువల్లనే. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, నిర్బంధంలో ఉన్నవారికి, పారిశ్రామిక ప్రమాద బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. జిల్లా కోర్టులోని న్యాయసేవల సంస్థను అడగవచ్చు. ఎక్స్ గ్రేషియా ఇస్తే తీసుకోవడం తప్పు కాదు. కాని అందుతోనే హక్కు తీరిపోయినదని చదవకుండా సంతకం చేయరాదు.

ఆనాడు ఆ పెద్దాయన అర్జీని తెలుగు చేస్తూ, ఆయన అనుమతితో ఒక్క మార్పు చేశాను. 'దయచేసి ఇప్పించగలరు' అన్నచోట 'నాకు రావలసిన పరిహారం చెల్లించగలరు' అని వ్రాశాను. ఆయన రెండుసార్లు చదివించుకొని, కాసేపు ఆలోచించి, వేలిముద్ర వేశాడు.